మా గేమ్ వీడియోలకు ఎడిటర్ ఎలా కుదిరిందంటే

ఫోన్‌లో ఆడే తుపాకుల గేమ్ బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆ ఎండాకాలమే నేనూ తమ్ముడూ మా మ్యాచ్‌లను వీడియోలుగా చేద్దామనుకున్నాం. ఫోన్‌లో స్క్రీన్ రికార్డర్ ఉంది. ఇంట్లో 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు మాత్రం లేదు.

వీడియో ఎడిట్ చేయడానికి మొదట దించుకున్నది ఒక ట్రయల్ సాఫ్ట్‌వేర్. ఆదివారమంతా కూర్చుని కట్ చేశాం. ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే పూర్తయిన వీడియోను ఫైల్‌గా తీసి చూస్తే, మధ్యలో ఆ కంపెనీ పేరు ముద్ర! డబ్బు కడితేనే పోతుందట. తమ్ముడి ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ముందు పది సెకన్ల ముక్క పెట్టి, ఎక్స్‌పోర్ట్ దాకా వెళ్లి చూశాకే అసలు పని మొదలుపెడుతున్నాను.

స్నేహితులంతా డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటర్ వాడమన్నారు. మంచి మాటే. ఉచిత వెర్షన్‌లోనూ ముద్ర పడదు, అల్ట్రా హెచ్‌డీలో సెకనుకు 60 ఫ్రేముల (బొమ్మల) దాకా ఇస్తుంది. కానీ అది గ్రాఫిక్స్ కార్డు మీద బాగా ఆధారపడుతుంది. మా లాప్‌టాప్‌కి అది బరువే అని పక్కన పెట్టాను.

మిగిలిన ఎడిటర్లు కేడెన్‌లైవ్, షాట్‌కట్. రెండూ ఓపెన్ సోర్సే, పైసా ఖర్చు లేదు. నాకు షాట్‌కట్ చేతికి తొందరగా అలవాటైంది. ఎస్ నొక్కితే క్లిప్ తెగుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి వెనకది ముందుకు జరుగుతుంది. అరగంట మ్యాచ్‌లో చూడదగ్గది మూడు నాలుగు నిమిషాలే కాబట్టి మా పనిలో ముప్పావు వంతు ఈ రెండు మీటలతోనే అయిపోతుంది.

అంతా బాగుందనుకున్నాక టెన్షన్ మొదలైంది. "అన్నా, తుపాకీ పేలాక ఎప్పటికో చప్పుడొస్తోంది" అన్నాడు తమ్ముడు. చూస్తే నిజమే. మొదట్లో సరిగ్గానే ఉంది, పోనుపోను మాటా బొమ్మా విడిపోతున్నాయి. రెండు రాత్రులు సాఫ్ట్‌వేర్‌నే అనుమానించాను. తప్పు దానిది కాదు. ఫోన్ రికార్డర్ ఫ్రేములను ఒకే వేగంతో పట్టదు. గేమ్ బరువెక్కినప్పుడు తగ్గిస్తుంది, తేలికైనప్పుడు పెంచుతుంది. ఎడిటర్లకేమో స్థిరమైన వేగం కావాలి. ఇలాంటి ఫైల్ వేయగానే ఎడిటింగ్‌కు అనువుగా మార్చుకోమని షాట్‌కట్ అడుగుతుంది. నేనే చదవకుండా వద్దని నొక్కేస్తూ వచ్చాను. సరేనన్నాక చప్పుడు కుదిరింది. ప్రాక్సీ కూడా ఆన్ చేస్తే, ఎడిట్ చేసేటప్పుడు చిన్న సైజు కాపీతో నడుస్తుంది కాబట్టి లాప్‌టాప్ ఆగి ఆగి ఆడటం తగ్గింది.

తెలుగువాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. టైటిల్‌లో "క్లచ్" అని కొట్టి చూడండి. ముందు వాడిన ఒకదాంట్లో క కింద ఉండాల్సిన లావొత్తు పక్కకు వచ్చి నిలబడింది. షాట్‌కట్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెడితే ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి. మన అక్షరం మన వీడియోలో విరిగిపోతే నాకు మనసొప్పదు.

ఇప్పుడు తమ్ముడు కామెంటరీ విడిగా రికార్డు చేస్తున్నాడు. దాన్ని వేరే ట్రాక్‌లో వేసి, వాడు మాట్లాడినంతసేపూ గేమ్ చప్పుడు తగ్గించాలి. ఈ వారమంతా ఆ పనిలోనే ఉన్నాం.