925 అని గుద్దినంత మాత్రాన స్టెర్లింగ్ అయిపోదు

ఈమధ్య మా ఇంట్లో ఆడపిల్లలందరూ ఆన్‌లైన్లో వెండి నగలు తెప్పిస్తున్నారు, చెవిపోగుల దగ్గర్నుంచి ముక్కుపుడకల దాకా అన్నిటిమీదా 925 అనే ఉంటోంది, అది చూసి నమ్మేస్తున్నారు. ఆ మూడంకెల పంచ్ ఎవరైనా కొనుక్కోవచ్చండీ, ఇత్తడికి వెండి పూత పూసి దానిమీదా కొట్టొచ్చు.

స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతా 75 మామూలుగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన, సన్నటి ఉంగరమైతే ఊరికే వంగిపోతుంది, రాయి పొదిగినా గట్టిగా పట్టి ఉంచదు, అందుకే రాగి కలుపుతారు. నల్లబడింది కాబట్టి డూప్లికేట్ అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అది తప్పు, గాలిలోని గంధకం తగిలితే అసలు వెండి కూడా నల్లబడుతుంది. నల్లబడకుండా మెరుస్తోందంటే పైన రోడియం అనే లోహంతో పాలిష్ ఉండొచ్చు. జర్మన్ సిల్వర్‌లో అయితే పేరులో తప్ప వెండే లేదు, అంతా రాగి, నికెల్, జింక్.

మన పట్టీలు, మొలతాళ్ల సంగతి వేరే. అవన్నీ 925 ఉండవు, కొట్లో "అన్నా, దీని టచ్ ఎంత?" అని, అంటే నూటికి ఎన్ని పాళ్లు వెండి అని అడగాలి. 70 టచ్ పట్టీలు 100 గ్రాములు తీసుకుంటే అందులో వెండి 70 గ్రాములే. బిల్లులో మాత్రం 100 గ్రాములకీ మేలిమి రేటే వేస్తే 30 గ్రాముల రాగికి వెండి ధర కట్టినట్టే కదా, పైగా మజూరి వేరే. రేపు అవే పట్టీలు మార్చుకుందామని పట్టుకెళ్తే అప్పుడు టచ్ చూసి 70కే లెక్క కడతారు. అమ్మేటప్పుడు ఒక లెక్క, కొనేటప్పుడు ఇంకో లెక్క, నాకు దీనిమీదే బాగా కోపం. కాబట్టి టచ్ ఎంతో బిల్లు మీదే రాయించుకోండి, రాళ్లుంటే వాటి బరువు తీసేసి నికర బరువు వేరేగా వేయించండి.

2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా బీఐఎస్ హాల్‌మార్క్‌తో పాటు హెచ్‌యూఐడీ (ఒక్కో వస్తువుకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) మొదలైంది, బంగారంలాగా తప్పనిసరి చేయకుండా మొదలుపెట్టారు, అందుకే మనమే అడిగి తీసుకోవాలి. అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉంటాయి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ వస్తువేంటో, ప్యూరిటీ ఎంతో చూపిస్తుంది. చెవిపోగులకని కొడితే గాజులని వచ్చిందంటే అక్కడే వదిలేయండి.

ఇంట్లో అయస్కాంతం పెట్టి చూస్తారు చాలామంది. అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్టు (గొలుసు కొక్కెంలో చిన్న స్ప్రింగ్ స్టీలుది ఉంటుంది, అదొక్కటీ అంటుకుంటే కంగారు పడొద్దు), కానీ అంటుకోకపోతే వెండే అని కాదు, రాగి, ఇత్తడి కూడా అంటుకోవు.

నాకు నమ్మకం ఉన్నది నీళ్ల తూకం. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా చాలు. ముందు నగని పొడిగా తూచండి, తర్వాత గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేసి, నగని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా, అడుగుకీ అంచుకీ తగలకుండా చేత్తో పట్టుకోండి, బుడగలు అంటుకుంటే కొంచెం కదిపితే పోతాయి. ఇప్పుడు కాటా చూపించే అంకెతో పొడి బరువుని భాగించండి. స్టెర్లింగ్ అయితే 10.3 చుట్టుపక్కల రావాలి. 41.4 గ్రాముల కడియం 4 దగ్గర ఆగితే సరిపోయినట్టు, అదే రాగిదైతే 4.6 చూపిస్తుంది. లోపల డొల్లగా ఉన్నవాటికి, లక్క నింపినవాటికి, రాళ్లు పొదిగినవాటికి ఇది పనిచేయదు, వాటిని ఎక్స్‌-రేతో ప్యూరిటీ చూసే మిషన్ ఉన్న కొట్లో చూపించుకోవాలి. ఆ ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ కూడా పైపొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే దాని ప్యూరిటీనే చూపిస్తుంది, అందుకని కనపడనిచోట కొంచెం గీకి అక్కడ చూడమని చెప్పండి.