ఓపీలో మాత్ర రాసే ముందు

సోమవారం, శ్రీకాకుళం. ఓపీ రోజంతా నిండుగానే ఉంది. డిప్రెషన్ (దిగులు జబ్బు) ఉన్నా ‘మనసు బాగోలేదు’ అంటూ వచ్చేవాళ్ళు ఇక్కడ తక్కువ. ‘ఒళ్ళంతా గుంజుతంది బాబూ, నిద్దర పట్టట్నేదు’ అని, ఒక సెలైన్ పెట్టమంటారు.

సెలైన్ సంగతి పక్కనపెట్టి అడగాల్సింది వేరే ఉంది. రెండు వారాలుగా దిగులుగా ఉంటోందా? ఇష్టమైన పనుల మీద కూడా మనసు పోవట్లేదా? ఏ ఒక్కటి అవునన్నా పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రత కొలిచే ప్రశ్నావళి) ప్రశ్నలు తొమ్మిదీ అడగాలి. 27కి 10 గానీ అంతకు మించి గానీ వస్తే చికిత్స గురించి ఆలోచిస్తాం గానీ, అంకె చూసి మందు రాయడం నాకు నచ్చదు. వంట మానేసిందా, పొలానికి వెళ్తున్నాడా అన్నదే అసలు కొలత. ఇంట్లో మనిషి పోయి నెల తిరగనివాళ్ళకీ స్కోరు ఎక్కువే వస్తుంది. వాళ్ళలో చాలామందికి ముందు కావలసింది తోడు, మళ్ళీ రమ్మనే తేదీ.

చావాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. పురుగుమందు ఇంట్లో ఎక్కడ పెడతారో కూడా అడగాలి. ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా పంపకుండా ఆ రోజే సైకియాట్రిస్టుకి చూపించాలి. చీటీ వెనక టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను) నంబరు 14416 అందరికీ రాస్తాను.

హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) తప్పనిసరి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్ళకి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా. కిడ్నీ దెబ్బతిన్నా నీరసం, ఆకలి లేకపోవడం ఇలాగే ఉంటాయి. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్రలేకపోయినా అలసట తెలియక, విపరీతంగా మాట్లాడి, డబ్బు తగలేసిన రోజులున్నాయా? ఉంటే బైపోలార్ (దిగులు, ఉన్మాదం మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాదం ఎగదోసినట్టవుతుంది.

రాస్తే డిప్రెషన్ మాత్ర ఎస్సిటలోప్రామ్ 5 మి.గ్రా. ఒక వారం, ఆ తర్వాత 10. వయసు మళ్ళినవాళ్ళకి 10 దాటించను; బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వేసుకుంటుంటే రక్తంలో సోడియం పడిపోతోందేమో చూడాలి. మోకాళ్ళకి రోజూ డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర మింగేవాళ్ళకి దీనితో కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

చికిత్స ఎక్కువగా చెడేది మొదటి వారంలోనే. వికారం, విరేచనాలు, కంగారు ముందొస్తాయి. గుణం 2 నుంచి 4 వారాలకి గాని తెలియదు. ఇది ముందే చెప్పకపోతే మధ్యలో మానేసి, షాపులో ఆల్ప్రజోలామ్ (మత్తు మాత్ర) కొనుక్కుంటారు. ఆ రాత్రే నిద్రపడుతుంది గనక అదే మంచి మందనుకుంటారు, తర్వాత దాన్ని వదల్లేరు. అందుకే మొదట రెండు వారాలకే మాత్రలిచ్చి పిలుస్తాను, పాతికేళ్ళలోపు వాళ్ళని వారానికే.

నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ఒక్కసారి ఆపితే తల తిరుగుతుంది, షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది. జబ్బు తిరగబెట్టిందని బెంగపడతారు. డోసు వారాల మీద తగ్గించుకుంటూ రావాలి.