340 ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు

ఈ వారం అంతా మా అక్క కూతురికి ఫిజిక్స్ లెక్కలు చేయిస్తున్నా, సౌండు వేగం సెకనుకి 340 మీటర్లు అని ఎవరో గట్టిగా బట్టీ పట్టించారు, ఇంక ఏ లెక్కొచ్చినా 340 వేసేస్తోంది! 100 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం స్టేషన్ తరంగదైర్ఘ్యం ఎంతే అంటే అక్కడా 340 యే. రేడియో తరంగం కాంతి వేగంతో పోతుందే పిల్లా, సెకనుకి 30 కోట్ల మీటర్లు, 100 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 10 కోట్ల కంపనాలు, దాన్ని ఈ 10 కోట్లతో భాగిస్తే 3 మీటర్లు, అంతే.

ఎకో లెక్కలో ఇంకో తంటా. కొండ ముందు అరిస్తే 2 సెకన్లకి తిరిగి వినపడింది, కొండ ఎంత దూరం అంటే టక్కున 680 అంది, వెళ్లడం రావడం రెండూ కలిపి కదా 680, కొండ 340 మీటర్లే (ఇక్కడే నేనూ టెన్త్‌లో మార్కులు పోగొట్టుకున్నా లెండి).

చివరికి గోల్కొండ లెక్క ఇచ్చా. కింద గేటు దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినపడుతుంది కదా, దూరం కిలోమీటరు అనుకో, ఎంతసేపు పడుతుంది? 1000 బై 340, దాదాపు 3 సెకన్లు. మరి టార్చి వేస్తేనో? కాసేపు సున్నాలు లెక్కపెట్టుకుని సెకనులో 3 లక్షలో వంతు అంది, కరెక్టే. ఇప్పుడేమో ఆదివారం కోటకి తీసుకెళ్లాలంట, స్టాప్‌వాచ్‌తో చూస్తుందంట, టార్చిది కూడా!