గడప మీద పెద్దమ్మ

2022 ఆగస్టు చివర్లో నాకు టీబీ అని తేలింది. అప్పటికే రెండు నెలలుగా దగ్గు, పొద్దుగూకేసరికి జ్వరం. కుట్టు మిషను ముందు పది నిమిషాలు కూర్చుంటే జాకెట్టు తడిసిపోయేది. తెమడ పరీక్ష రోజున తూకం వేస్తే 41 కిలోలున్నాను.

మాది గుంటూరు పక్క పల్లె. తాతల నాటి నుంచీ లూథరన్ సంఘం. జబ్బు పేరు చెప్పుకోవడానికి సిగ్గేసి, ఎవరికీ చెప్పొద్దని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను. కానీ చర్చిలో నా చోటు రెండు ఆదివారాలు ఖాళీగా కనబడితే మావాళ్లు ఊరుకుంటారా! స్త్రీల సమాజం వాళ్లంతా మాస్కులు కట్టుకుని వచ్చారు. మందు పనిచేయడం మొదలయ్యేదాకా దగ్గరగా మెలగొద్దని డాక్టరు గారు చెప్పడంతో వాకిట్లో వేపచెట్టు కిందే నిలబడి ప్రార్థన చేశారు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని విన్నాను.

ఆ రోజుల్లో నాకు ప్రార్థన వచ్చేది కాదు. మోకరిస్తే దగ్గు, కళ్లు మూసుకుంటే మా పాప ముఖం. పాస్టరు గారికి ఆ మాటే చెప్పి ఏడ్చాను. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసయ్య ముందు దించిన సంగతి ఆయన గుర్తుచేశారు. "ప్రభువు ఆ మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం కూడా చూశాడమ్మా. నీకు ఓపిక లేనన్నాళ్లు మేం మోస్తాం" అన్నారు.

నిజంగానే మోశారు. వంట వండేటప్పుడల్లా మా ఆడవాళ్లు దేవుడి కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆ నెల బియ్యం మా ఇంటికొచ్చింది. సన్నవి, లావువి, రేషన్‌వి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వండితే కొన్ని మెత్తబడేవి, కొన్ని పలుకుగానే ఉండేవి. ఎన్ని ఇళ్ల అన్నమో అది! ఆకలి లేకపోయినా తినేదాన్ని. ప్రభుత్వం తిండికని అప్పట్లో నెలకు ఇచ్చిన 500 రూపాయలు గుడ్లకు, పాలకు సరిపెట్టుకునేవాళ్లం.

పొద్దున్నే పరగడుపున మూడు మాత్రలు. కడుపులో తిప్పు, మూత్రం నారింజ రంగు. నేను సరిగా వేసుకునేలా చూస్తానని ఊళ్లో ఆశా వర్కరు అమ్మాయికి మాటిచ్చింది మా సంఘంలో పెద్దమ్మ. రోజూ ఆరున్నరకల్లా వచ్చి గడప మీద కూర్చునేది. "మింగావా? ఏదీ, నోరు తెరువు" అనేది. మింగాక రెండు మాటలు ప్రార్థన చేసి వెళ్లేది.

మూడో నెలలో పెద్దమ్మ కూతురింటికి వెళ్లింది. అదే వారం ఒక ఇంటి కూటానికి బయట నుంచి వచ్చిన బోధకుడు, మాత్రలు మింగడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనన్నాడు. అప్పటికి దగ్గు కూడా తగ్గింది. సరే నమ్ముదామని ఆపేశాను. తొమ్మిది రోజులు.

పెద్దమ్మ తిరిగొచ్చి, చింపని అట్టలు చూసింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. కొంగుముడి విప్పి తన బీపీ మాత్ర తీసి, నా గ్లాసులో నీళ్లతోనే వేసుకుంది. "పన్నెండేళ్లుగా ఇది మింగుతున్నానే అమ్మాయ్. నాకు విశ్వాసం లేదంటావా?"

నేను తలెత్తలేకపోయాను. మర్నాడు తనే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆపిన మోతాదు చివర్లో కలిపి పూర్తి చేయాలన్నారు. ఆ ఆదివారం పాస్టరు గారు వాక్యంలో, 1883లో గుంటూరొచ్చిన అన్నా కుగ్లర్ గారి గురించి చెప్పారు. ఆవిడ డాక్టరు. ఒక చేత్తో మందు, ఒక చేత్తో వాక్యం పట్టుకుని బతికిన మనిషి. నా పేరెత్తకుండానే నాకోసం చెప్పారని తెలిసింది.

ఆ రోజు నుంచి గడప మీద ఇద్దరం కలిసి మాత్రలు వేసుకున్నాం. 2023 మార్చిలో నావి అయిపోయాయి. తెమడలో ఏమీ లేదన్నారు. తూకం 49.

పెద్దమ్మ ఇప్పటికీ ఆరున్నరకి వస్తుంది. నేను గ్లాసుతో నీళ్లు తెచ్చిస్తాను. తన మాత్ర మా గడప మీదే వేసుకుంటుంది.