పొయ్యి ఆర్పి అడవికి: పదకొండు మందిమి జన్నారం పోయొచ్చాం

రెండేళ్ల కింద తాడ్వాయి పోయినప్పటి ఫొటోలు మొన్న తిరగేస్తుంటే ఒక సంగతి కండ్లబడ్డది. అడవిలో దిగిన ఒక్క ఫొటోలోనూ మా అమ్మ లేదు, అక్క లేదు, నా భార్య లేదు. ఆ పొద్దంతా ముగ్గురూ గది దగ్గరే ఉండి బగారన్నం, కోడికూర వండారు. మేం తిరిగొచ్చి, విస్తరి ముందు కూచుని, ఏమేం చూశామో వాళ్లకు చెప్పాం. తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టమవుతుంది.

అందుకే ఈ సంక్రాంతి అయిపోయాక కవ్వాల్ పులుల అడవి చూడటానికి జన్నారం పోదామనుకున్నప్పుడు ఇంట్లో అందరం కూచుని ముందుగా ఒక మాట అనుకున్నాం. సఫారీ బండి కదిలే వేళకు పొయ్యి మీద ఏదీ ఉండొద్దు. మిగతా లెక్కంతా దాన్నిబట్టే.

మొత్తం పదకొండు మందిమి. మా ఇంట్లో ఐదుగురు, అక్కా బావా వాళ్ల అబ్బాయి, పక్కింటి స్నేహితుడి కుటుంబం ముగ్గురు. హోటల్లో తింటే అయిపోదా అని అడిగినవాళ్లున్నారు. అమ్మకు షుగరు, చిన్నది కారం ముట్టదు, పొద్దున బండి ఎక్కే వేళకు ఏ టిఫిన్ సెంటరూ తెరవదు. పైగా మన వరంగల్ దిక్కు మనుషులకు బియ్యం మూట కట్టుకుని అడవికి పోవడం కొత్తేమీ కాదు. మేడారం జాతరకు గంజులు, పొయ్యిలతో పోయి చెట్ల కింద వండుకుని తిన్నవాళ్లమే.

జన్నారంలో తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇల్లు రెండు రాత్రులకు మాట్లాడుకున్నాం. ఫోన్లో మేం అడిగినవి నాలుగే: వంటగది ఉందా, సిలిండర్ నిండుగా ఉందా, నీళ్లు రాత్రిపూట కూడా వస్తాయా, ఫ్రిజ్ నడుస్తుందా. అన్నిటికీ ఉంది, ఉంది అన్నారు. పోయాక చూస్తే సిలిండర్ మొదటి రాత్రి అన్నం ఉడుకుతుండగానే అయిపోయింది. ఎందుకైనా మంచిదని బావ తెచ్చిన ఐదు కిలోల చిన్న సిలిండర్, దాని పొయ్యి మమ్మల్ని కాపాడాయి. గుంపుగా పోయేవాళ్లు ఇది మాత్రం మరవొద్దు.

హన్మకొండ నుంచి టెంపో ట్రావెలర్‌లో శుక్రవారం పొద్దున బయల్దేరి, కరీంనగర్, జగిత్యాల దాటి, ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, రాయపట్నం దగ్గర గోదావరి దాటాం. లక్షెట్టిపేట మీదుగా జన్నారం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

తిండి లెక్క కొంచెం వివరంగా చెబుతాను, కష్టమంతా అక్కడే ఉంది కాబట్టి. పిల్లలతో కలిపి పదకొండు మందికి పూటకు కిలోన్నర బియ్యం. అన్నం వండేది నాలుగు పూటలు. ఏడు కిలోలు పట్టుకుపోతే కిలోకు దగ్గర మిగిలింది. రెండు పొద్దుల టిఫిన్‌కు పొయ్యి అక్కర్లేనివే తీసుకున్నాం: పండక్కి చేసిన సకినాలు డబ్బా నిండా, నెయ్యి వేసి అమ్మ చేసిన మలీద ముద్దలు, తాలింపు వేసిన అటుకులు. పులిహోరకు చింతపండు పులుసు ఇంట్లోనే ఉడికించి సీసాకెత్తుకున్నాం, అక్కడ అన్నంలో కలపడమే పని. పచ్చిపులుసు అయితే మరీ తేలిక. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు, బెల్లం వేస్తే అయిపోయె. చేసేది మా బావ. కూరగాయలు కోసేది పిల్లలు, గిన్నెలు తోమేది నేనూ నా స్నేహితుడూ. కోడికూర ఒక్కపూటే, శనివారం రాత్రి, అంతా తిరిగొచ్చాక.

టమాటలు కిటికీ దగ్గర పెట్టడం మా తప్పు. కోతులు చువ్వల సందులోంచి చెయ్యి పెట్టి సగం ఎత్తుకుపోయాయి.

శనివారం మధ్యాహ్నం బావ ఒక ఆలోచన చెప్పాడు. "వాగు ఒడ్డున మూడు రాళ్లు పెట్టి వండుదాం, మేడారంల లెక్క." నేను వద్దే వద్దన్నాను. టేకు ఆకు రాలే కాలం, కాలు పెడితే గలగలమంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా అభయారణ్యంలో ప్రమాదం తెచ్చేలా నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. జాతర చోటు వేరు, పులుల చోటు వేరు. బావ కాసేపు ముఖం ముడుచుకున్నా చివరికి ఒప్పుకున్నాడు.

కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించింది 2012లో. మహారాష్ట్రలోని తడోబా దిక్కు నుంచి పులులు ఈ అడవిలోకి వస్తూ పోతూ ఉంటాయి. కానీ పులి కోసమే పోయేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఇక్కడ అది కనబడటం చాలా అరుదు. పిల్లలకు ఈ మాట ఇంట్లోనే చెప్పి తీసుకుపోతే అడవిలో ఏడుపు ఉండదు. వానాకాలంలో సఫారీ ఉండదు కాబట్టి తేదీలు కూడా ముందే కనుక్కోవాలి.

ఆదివారం పొద్దున చలికి చెద్దర్లు కప్పుకుని రెండు బండ్లలో ఎక్కాం. అమ్మ ముందు సీట్లో. దుప్పుల మందను చూసి పిల్లలు వేళ్ల మీద లెక్కపెడుతుంటే, అమ్మ చెట్లను పేరు పెట్టి పిలుస్తోంది: ఇది తునికి, ఇది నల్లమద్ది, అదిగో ఇప్ప, అది మోదుగ, మా చిన్నప్పుడు విస్తర్లు కుట్టిన ఆకు. గైడు వెనక్కి తిరిగి వింటున్నాడు.

ఒక మలుపులో బండి ఆగింది. వెదురు పొద అవతల అడవిదున్నలు. దగ్గరిది మా నుంచి ఇరవై అడుగులు కూడా ఉండదు. నల్లటి వీపు మీద మంచు తడి మెరుస్తోంది, ముక్కులోంచి ఆవిరి వస్తోంది. వెదురాకు నములుతున్న చప్పుడు కూడా మాకు వినబడుతోంది. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని గుసగుసగా అంది: "కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టున్నయి గదరా." నిజమే, మోకాలి కింద నుంచి గిట్టల దాకా తెలుపు. ఇన్నిసార్లు బొమ్మల్లో చూసిన నాకే ఎప్పుడూ తట్టలేదు.

తిరిగి ఇంటికొచ్చేసరికి అందరికీ ఆకలి. పొయ్యి చల్లగా ఉంది, ఎవరూ దాని దిక్కు చూడలేదు. అటుకుల గిన్నె మధ్యలో పెట్టుకుని, నిలబడే తింటూ, పదకొండు మందీ ఒకేసారి మాట్లాడుతున్నారు. దున్నలు తొమ్మిది అంటాడు బావ. నా భార్య ఒప్పుకోదు. పదేనట, దూడ ఒకటి తల్లి చాటున నిలబడి ఉందట, ఆమె చూసిందట.