ఖాళీ గడి సున్నా కాదు

రిజల్ట్స్ వచ్చిన రాత్రి హనుమకొండలో మా రూమ్‌లో ఎవరం పడుకోలేదు. పదకొండింటి నుంచి రెండున్నర దాకా ఒకటే పేజీ రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాం. చివరికి పేజీ తెరుచుకున్నవాళ్లకూ పని తీరలేదు. ఒక్కో సెమిస్టర్ విడిగా తెరిచి, గ్రేడ్లు నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, క్రెడిట్లతో గుణించి సీజీపీఏ లెక్కేసుకోవాలి. ఆ వారమే పైథాన్‌లో చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాములూ వాడుకోగల కోడ్) ఒకటి మొదలుపెట్టాను. విద్యార్థి తన ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే అన్ని సెమిస్టర్ల మార్కులూ హాజరూ ఒకే పట్టికలో వచ్చేస్తాయి.

వెబ్ పేజీ తెచ్చే రిక్వెస్ట్స్, అందులోంచి కావాల్సింది ఏరే బ్యూటిఫుల్ సూప్. పనంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. అయినా లాగిన్ దగ్గరే మూడు రోజులు పోయాయి. వివరాలు పంపితే సర్వర్ 200, అంటే 'అంతా సరే' అంటోంది. సరే కదా అని మార్కుల కోసం చూస్తే, వచ్చింది మళ్లీ లాగిన్ పేజీయే. ఆ రిజల్ట్స్ సైటు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఎస్‌పీ డాట్ నెట్‌లో కట్టింది. అలాంటి ఫారాల్లో పేజీ స్థితిని గుర్తుపెట్టుకునే వ్యూస్టేట్ అని కంటికి కనపడని గడి ఒకటి ఉంటుంది. ముందు లాగిన్ పేజీ తెచ్చుకుని, ఆ విలువ తీసి, ఐడీ, పాస్‌వర్డ్‌తో కలిపి తిరిగి పంపాలి. లాగిన్‌ని గుర్తుంచే కుకీ పోకుండా అంతా ఒకే సెషన్‌లో జరగాలి. ఇప్పుడు నా కోడ్ 200ని నమ్మదు. వచ్చిన పేజీలో లాగౌట్ లింకు ఉందో లేదో చూస్తుంది.

అంతకంటే నన్ను కలచివేసింది ఒక జూనియర్ ఫోను. "అన్నా, నాకు మ్యాథ్స్‌ల సున్నా చూపిస్తాంది. నేను ఆ పరీక్షనే రాయలే. జ్వరమొచ్చి ఎంజీఎం దవాఖానల ఉంటి."

సైటులో వాడి గడి ఖాళీగానే ఉంది. కానీ లోపల నాన్ బ్రేకింగ్ స్పేస్ అనే కనపడని ఖాళీ అక్షరం ఒకటి కూర్చుంది. ఒక్క అక్షరమూ లేని ఖాళీ స్ట్రింగ్‌తో పోలిస్తే కలవదు, సంఖ్యగా మార్చబోతే ఎర్రర్. ఎర్రర్ వస్తే సున్నా పెట్టమని తొందరలో రాసింది నేనే. రాయని పరీక్షా, రాసి సున్నా తెచ్చుకున్న పరీక్షా ఒకటెలా అవుతాయి? ముందూ వెనకా ఖాళీలు తీసేశాక (స్ట్రిప్ చేశాక) ఏమీ మిగలకపోతే 'నన్', అంటే పైథాన్‌లో 'విలువ లేదు' అని ఇవ్వాలని ఆ రాత్రే మార్చాను. ఆ 'నన్' ఉన్నంతవరకు సీజీపీఏ లెక్క కట్టదు.

తర్వాత ఒక కోచింగ్ సెంటర్ నుంచి అడిగారు. హాల్ టికెట్ నంబర్లు వరసలోనే ఉంటాయి కదా, లూప్ పెట్టి బ్రాంచ్ మొత్తం మార్కులు తీసిస్తే డబ్బులిస్తామన్నారు. ఫెయిలైన పిల్లలకు ఫోన్ చేసుకుంటారట. మా చెల్లి మార్కులు ఇంట్లో చెప్పుకోకముందే పక్కింటాయన నంబర్ కొట్టి చూసేశాడు. అన్నం ముట్టకుండా పడుకుంది ఆ రోజు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం చేసింది. అది లేకపోయినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. నంబర్ల జాబితా తీసుకునే ఫంక్షన్ ఒకటి పరీక్షించుకోవడానికి రాసి పెట్టుకున్నాను, అదీ తీసేశాను. ఇప్పుడు ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్ల మార్కులే వస్తాయి. నా కోడ్ పాస్‌వర్డ్‌ని ఎక్కడా దాచిపెట్టుకోదు. సర్వర్ మీద భారం పడకుండా పేజీకీ పేజీకీ మధ్య రెండు సెకన్లు ఆగుతుంది.

మొన్న సప్లీ రిజల్ట్స్ వచ్చాయి. ఆ జూనియర్ తనే స్క్రీన్‌షాట్ పంపాడు. 'నన్' ఉన్న గడిలో ఇప్పుడు 61 ఉంది.