పిట్టలు కావు, గొంతులు

స్టీవెన్ ఫెల్డ్ గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా. అమెరికన్ సంగీత పరిశోధకుడు, 1970ల మధ్యలో టేప్ రికార్డర్ పట్టుకుని పాపువా న్యూగినీలోని బోసావి అడవుల్లోకి వెళ్ళాడు, అక్కడి కలూలి జనం పాటల మీద పీహెచ్‌డీ చేద్దామని. తీరా చూస్తే అక్కడ పాటనొక్కదాన్నే విడదీసి చదవడం కుదిరే పని కాదు.

వాళ్ళ కథ ఒకటుంది. అక్కా తమ్ముడూ వాగులో రొయ్యలు పట్టడానికెళ్తారు, అక్కకి దొరుకుతాయి వాడికి ఒక్కటీ పడదు, అక్కా ఒకటివ్వవే అని ఎంత బతిమాలినా ఇది అమ్మకి, ఇది నాన్నకి, ఇది అన్నకి అంటుందే గానీ ఇవ్వదు, చివరికి వాడు అడవి పావురమై ఎగిరిపోతాడు, వాడి ఏడుపే దాని కూత. చావు దగ్గర కలూలి ఆడవాళ్ళ ఏడుపు ఆ కూత స్వరాల్లోనే సాగేదని ఫెల్డ్ పట్టుకున్నాడు. మన ఊళ్ళల్లో పోయినవాళ్ళని తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు చూడండి, అది వింటూ పెరిగినదాన్ని, ఆయన పుస్తకంలో ఆ చాప్టర్ నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇంక అప్పట్లో ‘గిసాలో’ అనే తంతు ఉండేది, అందులో రాత్రంతా పాడేవాళ్ళు. వేరే ఊరి నుంచి వచ్చిన పాటగాళ్ళు, తమకి ఆతిథ్యమిచ్చిన ఇంటివాళ్ళ వాగులూ కొండలూ తోటల పేర్లు వరసపెట్టి పాడేవాళ్ళు, ఆ చోట్లు వినగానే పోయినవాళ్ళు గుర్తొచ్చి ఆ ఇంటి జనం ఏడ్చేవాళ్ళు, ఏడ్చి కోపంతో దివిటీ తీసుకుని పాడేవాడి భుజం కాల్చేవాళ్ళు. వాడు పాట ఆపేవాడు కాదు, పైగా ఏడిపించినందుకు తర్వాత పరిహారం ఇచ్చుకునేవాడు!

ఫెల్డ్ పిట్టల పేర్లు లిస్టు రాసుకుంటుంటే వాళ్ళలో ఒకాయన విసుగొచ్చి, నీకివి పిట్టలు, నాకు అడవిలో గొంతులు అన్నాడట. నా లెక్కలో ఫెల్డ్ కెరీర్ మొత్తం ఆ మాట వెంటే నడిచింది. 1982లో ఆయన పుస్తకం సౌండ్ అండ్ సెంటిమెంట్ వచ్చాక మళ్ళీ బోసావి వెళ్ళి వాళ్ళ భాషలో చదివి వినిపిస్తే, ఇది ఎవరి పాట, ఎప్పుడు పాడారు, ఎవరేడ్చారు అని నిలదీశారు, ఆ మాటలన్నీ 1990 ఎడిషన్‌లో చేర్చాడు. ఎంతమంది స్కాలర్లు అలా వెనక్కెళ్ళి వినిపిస్తారు చెప్పండి.

శబ్దంతోనే లోకాన్ని తెలుసుకోవడానికి అకౌస్టెమాలజీ అని పేరు పెట్టింది కూడా ఆయనే. తర్వాత ఘానా వెళ్ళి, డ్రైవర్లు తోటి డ్రైవర్ అంత్యక్రియల్లో పాత రబ్బరు బుడ్డి హారన్లతో వాయించే పోర్ పోర్ సంగీతం రికార్డ్ చేశాడు.

కొత్తగా మొదలెట్టేవాళ్ళు పుస్తకం కన్నా ముందు 1991 సీడీ వాయిసెస్ ఆఫ్ ది రెయిన్‌ఫారెస్ట్ వినండి. బోసావిలో ఒక రోజు మొత్తాన్ని గంటలోకి కూర్చాడు, హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి.